చనిపోవడంలో 'చను'

చిత్తూరు పల్లెల్లో తాత కన్నుమూస్తే 'పోయినాడు' అంటారు. ఎక్కడికని ఎవరూ అడగరు. 'చనిపోయాడు' కాస్త మర్యాదగా వినిపిస్తుంది గానీ, పాత తెలుగులో 'చను' అన్నా వెళ్లడమే. 'చనుదెంచు'లో ఉన్నదీ అదే. అంటే చనిపోయినవాడు రెండుసార్లు వెళ్లినట్టు! 'చచ్చు' వేరే ధాతువు. దానిలో ప్రయాణం లేదు, అందుకే తిట్టుకు బాగా పనికొస్తుంది.

తిరుపతి వైష్ణవులు చేరే చోటు కూడా చెప్పేస్తారు: 'పరమపదించారు'. పదమంటే చోటు, పాదం, మాట, పాట కూడా. 1503లో పరమపదించిన అన్నమయ్య పదకవితాపితామహుడు కదా, ఆయనకు ఈ క్రియ నాలుగు వైపులా కుదిరింది. పక్కనే శ్రీకాళహస్తికి పోతే అదే వార్త 'శివైక్యం'. అక్కడ వెళ్లడం లేదు, కలిసిపోవడమే.

చావంటే వెళ్లడమన్న ఊహ మనదొక్కటే కాదు. క్రీ.పూ. 399లో, ఏథెన్స్ చెరసాలలో, నిన్నెలా పాతిపెట్టమంటావని విషం తాగబోతున్న తత్త్వవేత్త సోక్రటీసును మిత్రుడు క్రీటో అడిగాడు. ప్లేటో రాసిన 'ఫీడో'లో ఆయన దానికి నవ్వుతాడు: మీరు పాతేది ఒంటినే, నేను అప్పటికే వెళ్లిపోయి ఉంటానని. విషం తాగాక ఆయన చివరిమాట అస్క్లీపియస్ దేవుడికి బాకీపడ్డ కోడిపుంజు గురించి. మా వైపు అవ్వలైతే 'రుణం తీరింది, పోయినాడు' అనేవాళ్లు.