మేడ్చల్–షామీర్‌పేట ప్రాంతంలో కంప్యూటింగ్ పట్టభద్ర విద్య

హైదరాబాద్‌కు ఉత్తరాన, మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లాలో కంప్యూటర్ సైన్స్, ఐటీ చదవదలచినవారికి ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. మొదటిది జేఎన్‌టీయూ అనుబంధ కళాశాలలది. కండ్లకోయలో 2002లో ప్రారంభమైన సీఎంఆర్ ఇంజనీరింగ్, టెక్నాలజీ కళాశాల వంటి స్వయంప్రతిపత్తి సంస్థలు పాఠ్యప్రణాళికను తామే రూపొందించుకుని, పరీక్షలను తామే నిర్వహించుకున్నా, పట్టా మాత్రం విశ్వవిద్యాలయం పేరిటే వస్తుంది. ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో ర్యాంకు వచ్చాక కళాశాలనూ శాఖనూ జతచేసి ప్రాధాన్యక్రమంలో నమోదుచేసే వెబ్ ఆప్షన్ల దశలో, కృత్రిమ మేధ, డేటా సైన్స్, సైబర్ భద్రత అనే కొత్త పేర్ల ఆకర్షణ ఎక్కువే. అయితే తొలి రెండేళ్ల పాఠ్యాంశాలు వీటన్నిటిలోనూ చాలావరకు ఒకటే కనుక, శాఖ పేరుకంటే బోధన, ప్రయోగశాలల నాణ్యతను చూడటమే మేలు.

జేఎన్‌టీయూ 2022 నాటి ఆర్22 నిబంధనల ప్రకారం నాలుగేళ్ల బీటెక్‌కు 160 క్రెడిట్లు కావాలి. సెమిస్టరంతా వారానికి ఒక గంట సాగే బోధన, లేదా రెండు గంటలు సాగే ప్రయోగశాల పని, ఒక క్రెడిట్‌కు సమానం. వివిక్త గణితం, దత్తాంశ నిర్మాణాలు గట్టిగా రానిదే ఆల్గారిథమ్‌లు, ఆపరేటింగ్ సిస్టమ్‌లు కొరుకుడు పడవు; బ్యాక్‌లాగ్‌ల భారం ఎక్కువగా ఇక్కడే మొదలవుతుంది.

రెండవ మార్గం, షామీర్‌పేట సమీపంలోని జవహర్‌నగర్‌లో 2008లో ఆరంభమైన బిట్స్ పిలానీ ప్రాంగణం. బిట్‌శాట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా ఇక్కడ ఎమ్మెస్సీలో చేరినవారు సైతం మొదటి ఏడాది గ్రేడ్ల సగటును బట్టి కంప్యూటర్ సైన్స్‌ను రెండో పట్టాగా పొందవచ్చు. అందుకు చదువు ఐదేళ్లు పడుతుంది. ఇక మొదటి మార్గంలో, పాలిటెక్నిక్ డిప్లొమా ఉన్నవారు ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి, జేఎన్‌టీయూ కళాశాలల్లో నేరుగా రెండో సంవత్సరంలో చేరవచ్చు.