గుండ్లకమ్మ రేవున

ధాత కరువను మాట మీరు వినియే యుందురు. 1876వ సంవత్సరమున వానలు తప్పగా, ఆ కరువు 1878 వఱకు మదరాసు రాజధానిని పీడించెను. ఆ దినములలో ఒంగోలునందలి అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, వేలకొలది నిఱుపేదలకు కూలి కల్పించిరి. వచ్చినవారిలో మాదిగవారు పెక్కురు. ఊరిబావి కడకైనను రానీయబడనివారు! వారికి దొరగారి యుపదేశకులే మేస్త్రీలైరి. పనివేళ మట్టి త్రవ్వించి, విరామవేళ వారి చెంతనే కూర్చుండి, అలసినవారిని తనయొద్దకు పిలిచిన క్రీస్తును గూర్చి చెప్పెడివారు. ఆకటికి తమవారిని పోగొట్టుకొనిన వారికి ఆ పిలుపు ఎంతటి యూఱటయో మన మూహింపవలసినదే.

గింజలకై మతమున గలిసిరని కొందఱందురు. ఆ శంక దొరగారికిని గలదు. కనుకనే కరువుసాయము జరిగిన పదునైదు నెలలును ఎవరికిని బాప్తిస్మ మీయలేదు. పిదప, ఇక నిచ్చుటకు సొమ్ము లేదని చెప్పినను జనము మరలిపోలేదు. తమకు సాయ మక్కఱలేదని, పనిచేసి బొబ్బలెక్కిన చేతులు చూపిరి. మఱల పంట పోయినచో చత్తుము, క్రైస్తవులమై చత్తుమనిరి. ఈ మాట వినిన పిమ్మట గింజల వాదము నాకు నిలువదు.

1878 జూలై 3వ తేదీని వెల్లంపల్లికడ గుండ్లకమ్మలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఉపదేశకు లార్గురు, ఇద్దఱిద్దఱు చొప్పున నీటిలో నిలిచి, వారు డస్సినప్పుడు మఱి యిద్దఱు దిగుచుండిరి.