స్క్రిప్టింగ్ భాషలలో సత్యాసత్య నిర్ణయం: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
షరతును పరీక్షించేటప్పుడు ఏ విలువను అసత్యంగా గ్రహించాలన్న విషయంలో స్క్రిప్టింగ్ భాషలకు ఏకాభిప్రాయం లేదు. సున్నా, రిక్తత, అభావం అనే మూడింటిని ఆయా భాషలు కలిపిన తీరును, విడదీసిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: బూలియన్, సున్నా, అభావం, పెర్ల్, పైథాన్, రూబీ.

1. ఉపోద్ఘాతం:
పరీక్షలో సున్నా మార్కులు వచ్చిన విద్యార్థి వేరు, పరీక్షకే గైర్హాజరైన విద్యార్థి వేరు. అయితే "మార్కులు ఉన్నాయా?" అని ప్రోగ్రామ్ క్లుప్తంగా ప్రశ్నించినప్పుడు ఈ భేదం నిలుస్తుందా లేదా అన్నది అది ఏ భాషలో రాసినదన్న దానిపై ఆధారపడి ఉంటుంది. పైథాన్‌లో సున్నా అసత్యం, రూబీలో సత్యం.

2. పూర్వరంగం:
జాన్ మెకార్తీ 1958లో రూపకల్పన ప్రారంభించిన లిస్ప్‌లో 'నిల్' అనే సంకేతమే ఖాళీ జాబితాకూ అసత్యానికీ గుర్తు. 1970ల తొలినాళ్లలో డెన్నిస్ రిచీ రూపొందించిన సి భాషలో సున్నా అసత్యం, తక్కిన సంఖ్యలన్నీ సత్యం. సి ప్రమాణంలోకి ప్రత్యేక బూలియన్ రకం 1999లో గాని రాలేదు. యూనిక్స్ షెల్‌లో ఇది తలకిందులైంది. అక్కడ ఆదేశం సఫలమైతే 0 వస్తుంది, అదే సత్యం. తక్కిన సంఖ్యలు వైఫల్యాన్ని తెలుపుతాయి.

3. పెర్ల్, పి.హెచ్.పి.:
లారీ వాల్ 1987లో విడుదల చేసిన పెర్ల్, సంఖ్యకూ స్ట్రింగ్‌కూ మధ్య గట్టి సరిహద్దు గీయలేదు. ఫైలు నుండి చదివిన "0" సందర్భాన్ని బట్టి సంఖ్యగానూ చెల్లుతుంది. కాబట్టి సున్నా అసత్యమైనప్పుడు "0" అనే స్ట్రింగ్ కూడా అసత్యం కావలసి వచ్చింది. అయినా "0.0" సత్యంగానే మిగిలింది. పి.హెచ్.పి. కూడా ఈ రెండింటినీ ఇలాగే చూస్తుంది. పైథాన్, జావాస్క్రిప్ట్ భాషలలో మాత్రం ఖాళీ స్ట్రింగ్ ఒక్కటే అసత్యం, "0" సత్యం.

4. రిక్తతను గూర్చిన భేదం:
పైథాన్‌లో ఖాళీ జాబితా అసత్యం. జావాస్క్రిప్ట్‌లో ఖాళీ శ్రేణి సత్యం. పైథాన్ సూత్రం సంక్షిప్తతకు తోడ్పడినా ఒక చిక్కును తెచ్చింది. యు.టి.సి. అర్ధరాత్రిని సూచించే సమయ విలువను ఆ భాష చాలాకాలం అసత్యంగా పరిగణించింది. ఫలితంగా "సమయం ఇచ్చారా?" అని పరీక్షించిన ప్రోగ్రామ్‌కు అర్ధరాత్రి, సమయమే ఇవ్వకపోవడం ఒకటిగా కనిపించాయి. 2015లో వెలువడిన 3.5 వెర్షన్ దీనిని సవరించింది. అర్ధరాత్రి కూడా ఒక సమయమేనన్న అంగీకారం ఆ సవరణలో ఉంది.

5. అభావానికే పరిమితమైన భాషలు:
యుకిహిరో మత్సుమొతో 1995లో విడుదల చేసిన రూబీలో 'నిల్', 'ఫాల్స్' మాత్రమే అసత్యాలు. సున్నా, ఖాళీ స్ట్రింగ్, ఖాళీ జాబితా అన్నీ సత్యాలే. బ్రెజిల్‌లో 1993లో పుట్టిన లువాలో తొలుత 'నిల్' ఒక్కటే అసత్యం. 2003లో వచ్చిన 5.0 వెర్షన్‌తో 'ఫాల్స్' దానికి తోడైంది. ఈ భాషలలో సున్నా మార్కుల విద్యార్థి గైర్హాజరు జాబితాలో చేరడు.

6. ముగింపు:
విలువల సత్యాసత్యాలు తర్కశాస్త్రం నుండి నేరుగా సంక్రమించినవి కావు. అవి పూర్వభాషల వారసత్వం, సంక్షిప్తతపై మక్కువ, భాషాకర్తల నిర్ణయాలు కలిసి ఏర్పరచిన సంప్రదాయాలు. లేకపోవడాన్ని తెలుసుకోదలచినప్పుడు లేకపోవడాన్నే సూటిగా ప్రశ్నించడం ఏ భాషలోనైనా క్షేమం. సున్నా ఒక విలువ. అభావం విలువ లేకపోవడం. ఈ రెంటినీ ఒకటిగా చూసే భాషలో ఆ భేదాన్ని కాపాడే బాధ్యత ప్రోగ్రామ్ రచయితదే.