గాలి ప్రవాహ సెన్సరు మరియు ఇంధన ఇంజెక్టర్ల మార్పు

గాలి ప్రవాహ సెన్సరు మరియు ఇంధన ఇంజెక్టర్ల మార్పు అనగా, శక్తి పెంచిన పెట్రోలు కారులో గాలిని కొలిచే సెన్సరును, ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్లను ఎక్కువ సామర్థ్యం గలవాటితో మార్చడం. ఈ భాగాలు తమంతట తాము ఇంజను శక్తిని పెంచవు. టర్బోఛార్జరు వంటి మార్పుల వలన అదనంగా వచ్చే గాలిని సరిగా కొలిచి, దానికి తగిన ఇంధనాన్ని అందించడమే వీటి పని.

పనిచేసే విధానం

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు 13.5 కిలోలు చాలు. అంటే అదే గాలికి ఈ ఇంధనం దాదాపు 9 శాతం ఎక్కువ అవసరమవుతుంది.

గాలి ప్రవాహ సెన్సరులో విద్యుత్తుతో వేడెక్కిన సన్నని తీగ లేదా పొర ఉంటుంది. గాలి దానిని చల్లబరుస్తుంది. ఆ వేడిని నిలపడానికి కావలసిన విద్యుత్తును బట్టి గాలి ద్రవ్యరాశి తెలుస్తుంది. ఇంజను కంప్యూటరు (ఈ.సి.యు.) దీని ఆధారంగా ఇంజెక్టరు ఎన్ని మిల్లీసెకన్లు తెరచి ఉండాలో నిర్ణయిస్తుంది. అనేక చిన్న కార్లలో ఈ సెన్సరు ఉండదు. వాటిలో మానిఫోల్డు పీడనం, ఉష్ణోగ్రతలను బట్టి గాలిని లెక్కిస్తారు.

ఎత్తు, ఎండల ప్రభావం

రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ళ, మొయినాబాదు, ప్రొద్దుటూరు ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి గాలి సాంద్రత తీరప్రాంతం కంటే 5 నుండి 6 శాతం తక్కువ. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 40 డిగ్రీల గాలి సాంద్రత మరో 8 శాతం తక్కువ. కావున ఇక్కడి వేసవిలో సరిపోయిన ఇంజెక్టర్లు, చెన్నై సమీపంలోని ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాకు వద్ద చల్లని ఉదయాన చాలకపోవచ్చు. పరిమాణాన్ని ఎంచుకునేటప్పుడు అధిక సాంద్రత గల గాలినే ప్రమాణంగా తీసుకోవాలి.

పరిమాణం ఎంపిక

ఉదాహరణకు 200 అశ్వశక్తి గల నాలుగు సిలిండర్ల టర్బో ఇంజనును తీసుకుందాం.

* ఒక అశ్వశక్తికి గంటకు సుమారు 270 గ్రాముల చొప్పున మొత్తం 54 కిలోల పెట్రోలు కావాలి.
* ఒక్కో ఇంజెక్టరు వాటా 13.5 కిలోలు. ఇంజెక్టరు 80 శాతం సమయమే తెరచి ఉండాలనుకుంటే, దాని సామర్థ్యం గంటకు 16.9 కిలోలు, అనగా నిమిషానికి సుమారు 385 సీ.సీ. ఉండాలి.
* ఒక కిలో ఇంధనానికి 12 కిలోల చొప్పున గంటకు సుమారు 650 కిలోల గాలి లోనికి వస్తుంది. 480 కిలోల వరకే కొలిచే సెన్సరు దీనికి చాలదు.

ఇంధన పీడనాన్ని 3 నుండి 4 బార్‌లకు పెంచితే, పాత ఇంజెక్టర్ల ప్రవాహం సుమారు 15 శాతమే పెరుగుతుంది. ప్రవాహం పీడనపు వర్గమూలాన్ని అనుసరించడమే ఇందుకు కారణం.

ప్రమాదాలు

సెన్సరును పెద్ద గొట్టంలో అమర్చి, ఈ.సి.యు.లోని కొలత పట్టికను మార్చకపోతే గాలి తక్కువగా నమోదవుతుంది. అప్పుడు ఇంధనం చాలక మంట వేడి పెరిగి, నాకింగ్ ఏర్పడి పిస్టన్లు కరిగిపోవచ్చు. పెద్ద ఇంజెక్టర్లు కూడా అమర్చి ఇంధనాన్ని సరిపెట్టే పద్ధతి ఒకటి ఉంది. దానిలోనూ ఈ.సి.యు. ఇంజనుపై భారం తక్కువగా ఉందని భావించి స్పార్కును ముందుకు జరుపుతుంది. ఇందువలన కూడా నాకింగ్ వస్తుంది.

ఇంజెక్టర్లను మాత్రమే మారిస్తే ఇంధనం ఎక్కువై సిలిండరు గోడలపై నూనె పొర కడిగివేయబడుతుంది, కేటలిటిక్ కన్వర్టరు పాడవుతుంది. కనుక కొత్త ఇంజెక్టరు ప్రవాహాన్ని, బ్యాటరీ వోల్టేజీని బట్టి అది తెరచుకునే ఆలస్యాన్ని ఈ.సి.యు.లో నమోదు చేసి, వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సరుతో సరిచూడాలి. నూనె పూసే ఎయిర్ ఫిల్టర్ల నుండి వచ్చే తుంపరలు, ఎర్రమట్టి దుమ్ము తీగపై పేరుకున్నా కొలత తప్పుతుంది.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ నిబంధనను సమర్థించింది. 2019 సవరణతో చేరిన 182ఏ సెక్షను, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ విధించవచ్చని చెబుతుంది. అందుచేత ఇటువంటి మార్పులు రేసు ట్రాకులకు మాత్రమే వాడే కార్లకు తగినవి.

ఇవి కూడా చూడండి

* అంతర్దహన యంత్రం
* టర్బోఛార్జరు
* ఇథనాల్