ఎనిమిది పోయిన త్రోవ

అంకెలను తారుమారు చేయు విద్య మన దేశమునకు క్రొత్తది కాదు. భాస్కరాచార్యుడు 1150 ప్రాంతమున రచించిన లీలావతిలో అంకపాశమను ప్రకరణము గలదు. శివుని పది చేతులయందలి పది వస్తువులను చేతులు మార్చినచో మూర్తిభేదము లెన్నియని యతడు ప్రశ్నించెను. 36,28,800 అని లెక్క తేలును. 1356లో నారాయణపండితుడు గణితకౌముదియందు ఇట్టి భేదములను వరుసతప్పక వ్రాయు క్రమమును చూపెను. ఛందస్సు చదివినవారికి ప్రస్తారము పరిచితమే గదా!

అయిన నిది పరిమితమైన లెక్క. బంతిలో పదిమంది యొకే నియమముచొప్పున మరల మరల పీటలు మార్చుకొనుచుండిరేని, ఎవ్వడైనను కొంతసేపటికి తన మొదటి పీటకు రాక తప్పదు. పీటలు పదియే, ఒక్కొక పీటకు వచ్చు త్రోవయు నొక్కటియే. బంతికి తుదియే లేనిచో?

1932 జూలై 1వ తేదీన, ఇరువదిరెండేండ్లు నిండని లోథార్ కొలాట్జ్ అను జర్మను విద్యార్థి తన పుస్తకమున నొక నియమమును వ్రాసికొనెను. సంఖ్య మూటిచే భాగింపబడునేని, దానిలో మూడింట రెండుపాళ్లు గ్రహింపవలెను. లేనిచో నాలుగింట గుణించి, మూటిచే భాగింపబడునట్లు ఒకటి తీసియో కలిపియో, భాగింపవలెను. ఒకటి మొదలు వరుసగా నిట్లు చేయగా 1, 3, 2, 5, 7, 4, 9, 11, 6 అని వచ్చును. మూటి గుణిజములు సరిసంఖ్యల నన్నిటిని, తక్కినవి బేసిసంఖ్యల నన్నిటిని ఆక్రమించును. ఒక్క సంఖ్యయు తప్పిపోదు, ఒక్కటియు రెండుమారులు రాదు. ఇంతవరకు పిల్లలకును బోధపడును.

ఇక ఒక్కొక్కదాని వెంట నడచి చూతము. 1 కదలదు. 2, 3 చోట్లు మార్చుకొనును. 4 బయలుదేరి 5, 7, 9, 6 అనువాని మీదుగా నింటికి చేరును. 44 పండ్రెండడుగులలో మరలివచ్చును. 8 మాత్రము 11, 15, 10, 13, 17, 23, 31, 41, 55, 73, 97 అని పోవుచునే యున్నది. వెనుకకు నడచినను 12, 18, 27, 20, 30 అని యటులే దూరమగును.

ఇదియు మన పూర్వగ్రంథములందే కలదని వాదించువా రుండవచ్చును. ఆ వాదము భాస్కరునికి గౌరవము కూర్పదని మా యభిప్రాయము. అతడడిగినది ‘ఎన్ని’ యని. తుదిలేని వరుసలో మార్పులు లెక్కకే అందవు. తిరిగి వచ్చునా యను ప్రశ్న అనంతమునందే పుట్టినది. దానిని దానిగా మన పాఠశాలలలో చెప్పుట మేలు.

1963లో క్లామ్కిన్ ఈ ప్రశ్నను అమెరికా పత్రికలో ప్రకటించెను. 2013లో జాన్ కాన్వే దీనిని మరల చర్చించి, 8 ఎన్నడును తిరిగి రాదనుట బహుశః సత్యమేయనియు, ఆ సత్యమునకు ఉపపత్తియే లేకపోవచ్చుననియు సూచించెను. యంత్రములు ఎంతదూరము వెంబడించినను, 8 మరల కనబడలేదు.