ఆలుగడ్డల పొలం కింద రాయి: మెలాంక్తన్‌లో ఏం జరిగింది?

ఈ రోజు ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక పొలం ఉంది. దాని కింద రాయి ఉంది. ఆ రాయి తియ్యాలా వద్దా అన్నది తేల్చాల్సింది ఎవరు? ఇంతే ప్రశ్న. వినడానికి చిన్నదే. కానీ దీనికి జవాబు వెతుక్కుంటూ కెనడాలో ఒక చిన్న టౌన్‌షిప్ ఆరేళ్ళు నలిగిపోయింది.

అక్కడికి వెళ్ళే ముందు మా ఊరి సంగతి ఒకటి చెప్తాను. మా తాత చెలక పక్కనే ఒక మొరం గుట్ట ఉండేది. నా చిన్నప్పుడు రోడ్డు పని కోసం దాన్ని తవ్వడం మొదలుపెట్టారు. ముందు గుట్ట అయిపోయింది. తర్వాత దాని కింద నేల అయిపోయింది. చివరికి గుంత మా చెలక ఒడ్డు దాకా వచ్చింది. ప్రతి వానాకాలం ఒడ్డు కొంత అందులోకి జారిపోయేది. తాత రెండడుగులు లోపలికి జరిగి మళ్ళీ కొత్త ఒడ్డు పోసేవాడు. "తవ్వేముందు మిమ్మల్ని అడగలేదా తాతా?" అని ఒకసారి అడిగాను. "మనల్నెవలడుగుతరు బిడ్డా, కాయితం ఆడ్నే అయిపోయింది" అన్నాడు. ఆడ్నే అంటే ఎక్కడ? ఏ ఆఫీసులో? ఆయనకి తెలీదు. ఊళ్ళో ఎవరికీ తెలీదు. ఈ కథ చదువుతున్నంతసేపూ నాకు ఆ మాటే గుర్తొచ్చింది.

ఇప్పుడు కెనడాకి వెళ్దాం. అంటారియో రాష్ట్రంలో, టొరంటో నగరానికి వాయవ్యంగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో డఫరిన్ కౌంటీ ఉంది. అందులో ఒక భాగం మెలాంక్తన్ టౌన్‌షిప్. టౌన్‌షిప్ అంటే మన పంచాయతీ లాంటిదే అనుకోండి, కాస్త పెద్దది. ఎన్నికైన చిన్న కౌన్సిల్ ఉంటుంది. రోడ్లు, డ్రైనేజీ, ఏ భూమిలో ఏం చెయ్యొచ్చు అనే ప్లాను, ఇవీ దాని పనులు. దక్షిణ అంటారియోలో బాగా ఎత్తైన చోట్లలో అదొకటి. చాలా నదుల పాయలు అక్కడే పుడతాయి. నేల చూస్తే మెత్తటి ఒండ్రు లాంటి మట్టి. అక్కడివాళ్ళు హనీవుడ్ సిల్ట్ లోమ్ అంటారు. వాన పడితే నీళ్ళు నిలవవు, చక్కగా కిందికి దిగిపోతాయి. ఆలుగడ్డకి అంతకంటే ఏం కావాలి? తరాలుగా అక్కడ పండేది అదే.

మరి నీళ్ళు అంత చక్కగా ఎందుకు దిగుతాయి? కింద పగుళ్ళున్న సున్నపురాయి పొర ఉంది కాబట్టి. అంటే ఆ పొలం గొప్పదనంలో సగం ఆ రాయిదే. ఆపద కూడా ఆ రాయి వల్లే వచ్చింది. రోడ్లకీ, కాంక్రీటుకీ ఆ రాయి మేలైన కంకర. పక్కనే టొరంటో, ఎప్పుడూ ఏదో ఒకటి కడుతూనే ఉండే నగరం.

2006 నుంచి హైలాండ్ కంపెనీస్ అనే సంస్థ అక్కడ పొలాలు కొనడం మొదలుపెట్టింది. వెనకాల పెట్టుబడి అమెరికాలోని బోస్టన్ నగరానికి చెందిన బౌపోస్ట్ గ్రూప్ అనే హెడ్జ్ ఫండ్‌ది. రైతులకి చెప్పిన మాట, ఆలుగడ్డల వ్యవసాయం పెద్ద ఎత్తున చేస్తాం అని. నిజానికి చేశారు కూడా. కానీ కొన్న పొలాల్లో పాత ఇళ్ళు కూలిపోతూ ఉంటే ఊరివాళ్ళకి అనుమానం వచ్చింది. వ్యవసాయం చేసేవాడు ఇల్లు ఎందుకు కూలుస్తాడు? 2009లో రైతులూ, చుట్టుపక్కల వాళ్ళూ కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు.

2011 మార్చిలో అసలు కాగితం బయటపడింది. కంపెనీ కొన్న భూమి మొత్తం వేల ఎకరాలు. అందులో 2,316 ఎకరాల్లో క్వారీకి లైసెన్సు కావాలని దరఖాస్తు. లోతు సుమారు 200 అడుగులు. అంటే భూగర్భ జలమట్టం కంటే చాలా కిందికి. గుంత నిండకుండా ఉండాలంటే రోజుకి 60 కోట్ల లీటర్ల దాకా నీటిని తోడి, మళ్ళీ భూమిలోకి పంపుతూ ఉండాలి. ఎన్నాళ్ళు? ఇక్కడ జాగ్రత్తగా వినండి. రాయి తీశాక గుంత అడుగున మళ్ళీ వ్యవసాయం చేస్తాం అని కంపెనీ ప్లానులో ఉంది. 200 అడుగుల కింద పొలం! అది మునగకుండా ఉండాలంటే నీళ్ళు తోడుతూనే ఉండాలి. శాశ్వతంగా. పంపు ఆగిన రోజు ఆ పొలం చెరువవుతుంది. ఆ పంపు కరెంటు బిల్లు వందేళ్ళ తర్వాత ఎవరు కడతారు?

ఇప్పుడు మన అసలు ప్రశ్నకి వద్దాం. తేల్చాల్సింది ఎవరు?

అంటారియోలో అగ్రిగేట్ రిసోర్సెస్ యాక్ట్ అనే చట్టం ఉంది. అగ్రిగేట్ అంటే ఇసుక, గ్రావెల్, కంకర, అన్నీ కలిపి. వదులుగా ఉండే గ్రావెల్, ఇసుక తవ్వితే దాన్ని పిట్ అంటారు. గట్టి రాయిని పేల్చి తీస్తే క్వారీ. దేనికైనా లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర సహజ వనరుల శాఖ. టౌన్‌షిప్ కాదు. మరి టౌన్‌షిప్ చేతిలో ఏముంది? భూమి వాడకం ప్లాను. ఆ భూమి వ్యవసాయం కింద రాసి ఉంది కాబట్టి, క్వారీ రావాలంటే ప్లానూ, జోనింగూ మార్చమని కౌన్సిల్‌ని అడగాలి. కౌన్సిల్ నిపుణుల నివేదికలు పరిశీలించాలి, బహిరంగ సభ పెట్టాలి, ఓటు వెయ్యాలి.

వినడానికి బాగుంది కదా? కానీ అప్పట్లో కౌన్సిల్ కాదంటే కంపెనీ అంటారియో మునిసిపల్ బోర్డుకి అప్పీలుకి వెళ్ళగలిగేది. గడువులోగా ఏమీ తేల్చకపోయినా వెళ్ళగలిగేది. ఎన్నిక కాని ఆ బోర్డు కౌన్సిల్ నిర్ణయాన్ని తిరగరాయగలిగేది. అక్కడ వాదించడానికి లాయర్లు, భూగర్భ శాస్త్రజ్ఞులు కావాల్సి వచ్చేది. వేల పేజీల దరఖాస్తు ముందు చిన్న టౌన్‌షిప్ బడ్జెట్ ఎంతని?

ఇంకోటి. ఆ రాష్ట్ర భూవిధాన పత్రంలోనే ఒక నియమం ఉంది. కంకర తవ్వుతామని వచ్చినవాళ్ళు ఆ కంకర అవసరమని నిరూపించనక్కర్లేదు. మార్కెట్‌కి ఎంత దగ్గర్లో వీలైతే అంత దగ్గర్లో రాయి అందుబాటులో ఉంచాలి అని కూడా అందులోనే ఉంది. మంచి నేలని తవ్వితే మళ్ళీ అదే స్థాయి పొలంగా చేసివ్వాలి అంటుంది, కానీ నీటిమట్టం కిందికి పెద్ద ఎత్తున తవ్వితే దానికి మినహాయింపు ఉంది. అంటే పొలం ఎందుకు ఉండాలో రైతు చెప్పుకోవాలి, గుంత ఎందుకు కావాలో కంపెనీ చెప్పనక్కర్లేదు.

డబ్బు సంగతి కూడా చూద్దాం. అప్పట్లో టన్నుకి 11.5 సెంట్ల రుసుము. అందులో టౌన్‌షిప్‌కి 6 సెంట్లు. ఆ భూమి కింద 100 కోట్ల టన్నుల రాయి ఉందని అంచనా. అంతా తీసినా టౌన్‌షిప్‌కి వచ్చేది 6 కోట్ల డాలర్లు, అదీ దశాబ్దాల మీద. లారీలు తిరిగి పాడయ్యే రోడ్లు మాత్రం దాని ఖాతాలోనే.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. కంపెనీ వాదనలో పస లేదని కాదు. అంటారియోకి ఏటా పదహారు, పదిహేడు కోట్ల టన్నుల దాకా కంకర, ఇసుక కావాలి. దూరం నుంచి తెస్తే లారీ పొగ పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది. నేను కూర్చుని మాట్లాడుతున్న ఈ ఇంటి స్లాబులో కూడా ఎవరి ఊరి గుట్టో ఉంది. కాబట్టి "అసలు తవ్వొద్దు" అనడం తేలిక కాదు. ఎక్కడ, ఎంత లోతు, ఎవర్ని అడిగి? గొడవంతా అక్కడే.

మరి ఊరివాళ్ళు ఏం చేశారు? చట్ట ప్రకారం అభ్యంతరాలకి ఇచ్చింది 45 రోజులు. ఆ గడువులో ఉత్తరాలు వేల సంఖ్యలో రాశారు. 2011 ఏప్రిల్‌లో టొరంటోలోని శాసనసభ దగ్గర్నుంచి మెలాంక్తన్ దాకా ఐదు రోజులు నడిచారు. రైతులతో పాటు ఆదివాసీ తెగలవాళ్ళూ కలిసి నడిచారు. సెప్టెంబరు 1న రాష్ట్ర ప్రభుత్వం ఈ క్వారీకి పూర్తిస్థాయి పర్యావరణ అంచనా జరపాల్సిందేనని ప్రకటించింది. అక్కడ క్వారీలకి మామూలుగా అది ఉండదు. అక్టోబరు 6న ఎన్నికలు. ఈ రెండు తేదీల మధ్య సంబంధం మీరే ఊహించుకోండి.

అసలు మలుపు వంటింట్లోంచి వచ్చింది. మైకేల్ స్టాడ్‌లాండర్ అనే పేరున్న వంటమాస్టర్ తోటి చెఫ్‌లని పిలిచాడు. 2011 అక్టోబరు 16న అక్కడి పొలంలోనే ఫుడ్‌స్టాక్ అని పెట్టారు. సుమారు వంద మంది చెఫ్‌లు అక్కడే వండారు. చలి, వాన, కాళ్ళకింద బురద. అయినా 28,000 మంది వచ్చారు. మరుసటేడు అక్టోబరు 21న టొరంటో పార్కులోనే సూప్‌స్టాక్ పెట్టారు. వచ్చినవాళ్ళు 40,000 మంది దాకా.

దీనితో ఏం మారింది? అప్పటిదాకా ఇది ఒక టౌన్‌షిప్ గొడవ. "మా పెరట్లో వద్దు" అంటున్నారులే అని కొట్టిపారేయగలిగేది. గిన్నెలో సూపు పోసి "ఇది అక్కడ పండింది" అన్నాక అది నగరం గొడవ అయింది. ఓట్లు నగరంలో ఉన్నాయి. నెల తిరిగేసరికి, సరిగ్గా 31 రోజులకి, 2012 నవంబరు 21న, కంపెనీ దరఖాస్తు వెనక్కి తీసుకుంది. ఊరి నుంచీ ప్రభుత్వం నుంచీ తగినంత మద్దతు లేదని చెప్పింది. 2013లో ఆ భూమి బోన్‌ఫీల్డ్ అనే వ్యవసాయ భూముల సంస్థకి అమ్ముడుపోయింది. పొలం పొలంగానే మిగిలింది.

మంచి ముగింపే. కానీ ఇక్కడితో చప్పట్లు కొట్టి లేచిపోతే కథ సగమే విన్నట్టు. గమనించండి, ఎవరూ "కాదు" అనలేదు. బోర్డు అనలేదు, శాఖ అనలేదు. దరఖాస్తు చేసినవాళ్ళే వెళ్ళిపోయారు. అంటే రేపు ఇంకో టౌన్‌షిప్ చూపించి అడగడానికి ఒక తీర్పు లేదు. 2019లో చట్టం మళ్ళీ మారింది. ఎంత లోతు తవ్వాలన్నది టౌన్‌షిప్‌లు తమ జోనింగ్‌తో కట్టడి చెయ్యడానికి వీల్లేదన్నారు. గెలిచిన ఊళ్ళ చేతిలోంచే ఒక పనిముట్టు జారిపోయింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టంలో గ్రావెల్ పేరుతో సహా చిన్న తరహా ఖనిజం. దాని మీద నియమాలు చేసే అధికారం రాష్ట్రానిది. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. అందులో పంచాయతీలకి ఇవ్వదగ్గ 29 అంశాల పట్టిక ఉంది. రోడ్లున్నాయి, తాగునీరు ఉంది, చిన్న తరహా అటవీ ఉత్పత్తులున్నాయి. చిన్న తరహా ఖనిజాలు లేవు. రోడ్డు పంచాయతీది, రోడ్డు కింద పోసే మొరం పంచాయతీది కాదు!

ఏజెన్సీ ప్రాంతాల్లో మాత్రం వేరు. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో చిన్న తరహా ఖనిజానికి లీజు ఇవ్వాలంటే గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫార్సు ముందే ఉండాలి. ఆ మరుసటేడు, 1997 జూలైలో, అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి, బొర్రా ప్రాంతపు గనుల మీద సుప్రీంకోర్టు సమతా తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకీ, ప్రైవేటు కంపెనీలకీ గనుల కోసం లీజుకివ్వడం చెల్లదంది. ఒకసారి ఇటు చూడండి: అది తీర్పు. తర్వాతి ఊరు చేత్తో పట్టుకుని చూపించగలిగే కాగితం. మెలాంక్తన్‌కి దొరకనిది అదే.

మా తాత ఊరు ఏజెన్సీ కాదు. ఆయన చెలకలో పండేవి జొన్నలు, ఆముదాలు. ఆ జొన్నల గటక తాగడానికి హైదరాబాద్ నుంచి నలభై వేల మంది రారు. పేరున్న వంటమాస్టర్ దొరికిన పొలమే మిగులుతుందంటే, దొరకని పొలాల సంగతేంటి? చట్టం ఉండాల్సింది వాటి కోసం కదా.

తాత పోయి చాలా ఏళ్ళయింది. గుంత ఉంది, వానాకాలం నీళ్ళు నిలుస్తాయి. చివరిసారి వెళ్ళినప్పుడు ఆయన ఆఖరున పోసిన ఒడ్డు వెతికాను. సగమే మిగిలింది. మీ ఊళ్ళో కూడా ఇలాంటి గుంత ఒకటి ఉండే ఉంటుంది. దాని కాగితం ఎక్కడ అయిందో, ఎప్పుడు అయిందో, ఊరిని ఎవరైనా అడిగారో లేదో కనుక్కోండి. 2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉంది, ఒక తెల్లకాగితం మీద రాస్తే చాలు. మా తాతకి ఆ జవాబు ఎవరూ చెప్పలేదు. ఈ ఎపిసోడ్ అయ్యాక నేను రాయబోయేది ఆ ఉత్తరమే.