పాస్కల్ భాషలో శ్రేణులు - వాటి హద్దులు

ఒక వాక్యాన్ని కామాల దగ్గర త్రుంచి, ముక్కలను వరుసగా పేర్చడం మనిషికి ఒక పనే కాదు. అదే పనిని కంప్యూటరు చేత చేయించబూనితే ముందుగా రెండు ప్రశ్నలకు జవాబు చెప్పవలసి ఉంటుంది. వాక్యం పొడవెంత? ముక్కలెన్ని? ఈ రెండూ ముందుగా తెలియనప్పుడు ఏమి చేయాలన్న సమస్య పాస్కల్ భాషను ఇంచుమించు ముప్పయి ఏండ్లు వెన్నాడినది.

స్విట్జర్లాండులో జ్యూరిక్ నగరపు ఇ.టి.హెచ్. విద్యాసంస్థలో ఆచార్యుడైన నిక్లాస్ విర్త్ ఈ భాషను 1970లో సిద్ధపరచినాడు. 1642లో కూడికల యంత్రాన్ని తలపెట్టిన బ్లేజ్ పాస్కల్ పేరు దీనికి పెట్టినాడు. క్రమమైన పద్ధతిలో ప్రోగ్రాము వ్రాయడం విద్యార్థులకు నేర్పడమే ముఖ్యోద్దేశం. అందుచేత ఒక కట్టుబాటు విధించినాడు. శ్రేణి, అనగా ఇంగ్లీషులో అర్రే అనే గదుల వరుస, ఎన్ని గదులదో ముందే చెప్పాలి. ఆ సంఖ్య కూడ దాని జాతిలో భాగమే. పది గదుల శ్రేణి వేరు, ఇరవై గదుల శ్రేణి వేరు. దానికని వ్రాసిన ప్రక్రియ దీనికి పనికిరాదు. ఈ కట్టుబాటు వల్ల లాభం లేకపోలేదు. ప్రోగ్రాము నడవకముందే కంపైలరుకు స్థలమెంత కావాలో తెలుస్తుంది, హద్దు దాటిన సూచికను పట్టుకొనడం తేలికవుతుంది.

అక్షరాల వరుసకు, అనగా స్ట్రింగుకు, ప్రత్యేకమైన జాతి ఆనాడు లేదు. అదీ నిర్ణీతమైన పొడవుగల శ్రేణియే. ఆ కంపైలరు మొదట నడచిన సి.డి.సి. 6000 తరగతి యంత్రంలో ఒక పదానికి 60 బిట్లు, ఒక అక్షరానికి 6 బిట్లు. కనుక పది అక్షరాల ‘ఆల్ఫా’ అనే ముద్ద ఆ యంత్రానికి అనువైనదయినది. తొమ్మిది అక్షరాల పేరుకు చివర ఖాళీ చేర్చాలి, పదకొండు అక్షరాల పేరుకు చోటే లేదు!

1981లో బెల్ ప్రయోగశాలలకు చెందిన బ్రయన్ కెర్నిఘన్, పాస్కల్ తనకు ఎందుకు నచ్చదో వివరిస్తూ ఒక వ్యాసం వ్రాసినాడు. శ్రేణి పొడవు జాతిలో కలిసిపోవడమే ఆయన ఫిర్యాదులలో పెద్దది. మరొకటి చిన్నదిగా కనబడుతుంది గాని స్ట్రింగులను చదివేవారిని బాగా ఏడిపించినది. ‘సూచిక పొడవును దాటలేదు, మరియు ఆ చోట కామా లేదు’ అని షరతు వ్రాశామనుకోండి. మొదటి సగం అబద్ధమైతే రెండవ సగం చూడనక్కరలేదని మన తర్కం. పాస్కల్ భాష ఆ హామీ ఇవ్వలేదు. రెండు సగాలూ చూసే కంపైలరు, లేని అక్షరం కోసం హద్దు దాటి పోతుంది. 1983 నాటి ఐ.ఎస్.ఓ. 7185 ప్రమాణంలో, వేరువేరు పొడవుల శ్రేణులను ఒకే ప్రక్రియ అందుకొనే ఏర్పాటు వచ్చినది. అదీ ఒకటవ స్థాయి కంపైలర్లకు మాత్రమే. పైగా, ప్రోగ్రాము నడుస్తుండగా శ్రేణిని పెంచే వీలు అప్పటికీ లేదు.

స్ట్రింగు సంగతిని ప్రమాణ సంఘాలకన్న ముందు అమెరికాలో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు తేల్చినారు. కెన్నెత్ బౌల్స్ నాయకత్వాన 1970 దశకపు ఉత్తరార్ధంలో తయారైన వారి పాస్కల్‌లో స్ట్రింగు ప్రత్యేక జాతి అయినది. సున్నవ గదిలో పొడవు, ఒకటవ గది నుండి అక్షరాలు. పొడవును దాచుకొనేది ఒకే బైటు గనుక 255 అక్షరాలకు మించరాదు. ఆండర్స్ హెయిల్స్‌బర్గ్ కంపైలరుతో బోర్లాండ్ సంస్థ 1983లో విడుదల చేసిన టర్బో పాస్కల్ కూడ ఇదే దారి పట్టినది.

1996లో వచ్చిన రెండవ డెల్ఫీ 255 అక్షరాల అడ్డుగోడను తొలగించినది. 1998లో నాలుగవ డెల్ఫీ డైనమిక్ అర్రేను, అనగా పనినిబట్టి పొడవు మార్చుకొనే శ్రేణిని, ప్రవేశపెట్టినది. ‘సెట్‌లెంగ్త్’ అన్న ఆజ్ఞతో పొడవు నిర్ణయించాలి. అయితే స్ట్రింగులో అక్షరాలు పాత అలవాటు చొప్పున ఒకటి నుండి లెక్క. కొత్త శ్రేణిలో గదులు సున్న నుండి లెక్క. ఒకే వాక్యంలో రెండు లెక్కలు! నేటికీ కొత్తవారి తప్పులలో చాలా భాగం ఇక్కడే పుడుతున్నవి.

‘కడప,గుంటూరు,నెల్లూరు’ అన్న స్ట్రింగు తీసుకొందాం. కామాలు రెండు, ముక్కలు మూడు. కామాలను లెక్కించి రెండు గదులే ఏర్పరచినవాడికి నెల్లూరు పెట్టడానికి చోటుండదు. మూడు గదులు ఏర్పరచి ఒకటి నుండి నింపినవాడికి మొదటి గది ఖాళీ, ఆఖరి ముక్క బయట. అసలు సెట్‌లెంగ్త్ మరచినవాడి శ్రేణికి స్థలమే లేదు గనుక ఫ్రీ పాస్కల్‌లో సాధారణంగా 216 సంఖ్య గల దోషంతో ప్రోగ్రాము కూలిపోతుంది. ఒక విధంగా ఇదే నయం. హద్దు కొంచెం దాటిన రాత మరొక చరరాశి స్థలాన్ని పాడుచేసి, ఎక్కడో వంద పంక్తుల తరువాత తప్పుగా బయటపడవచ్చు. నిప్పు ఒకచోట, పొగ మరొకచోట.

దీనికి మందు కంపైలరులోనే ఉన్నది. వంకర కుండలీకరణాల మధ్య డాలరు గుర్తు, ఆర్ అక్షరం, ప్లస్ గుర్తు వ్రాస్తే ప్రతి సూచికనూ యంత్రమే పరీక్షిస్తుంది. తప్పు జరిగిన పంక్తి దగ్గరే 201 దోషంతో నిలిచిపోతుంది. తరువాత ఖాళీ స్ట్రింగు, కామా లేని స్ట్రింగు, కామాతో ముగిసే స్ట్రింగు, ఈ మూడింటినీ ఇచ్చి చూడాలి. విచారకరమైన విషయమేమంటే, అడగనిదే ఈ పరీక్ష జరగదు. వేగం కోసమని దానిని మూసి ఉంచినారు. సి.ఎ.ఆర్. హోర్ 1980 నాటి తన ట్యూరింగ్ బహుమతి ఉపన్యాసంలో ఒక సంగతి చెప్పినాడు. ఎలియట్ సంస్థవారి ఆల్గాల్ కంపైలరు ప్రతి సూచికనూ పరీక్షించేది. వేగం కావాలంటే పరీక్ష తీసివేసే వీలు కల్పించమంటారా అని అడిగితే వాడుకరులందరూ ఏకగ్రీవంగా వద్దన్నారట. వారికున్న వివేకం తరువాతి తయారీదారులకు లేకపోయినదని నా అభిప్రాయం.

హద్దు పరీక్షకు చిక్కని తప్పు కూడ ఒకటున్నది. ఒక డైనమిక్ శ్రేణిని మరొకదానికి సమానం చేస్తే నకలు తయారు కాదు, ఇద్దరికీ ఒకే వరుస. ఒకదానిలో గదిని మారిస్తే రెండవదానిలోనూ మారుతుంది. స్ట్రింగులు అట్లా కావు, మార్చబోయే క్షణంలో వేరుపడతవి.

ఇక తెలుగు అక్షరాల సంగతి. ‘నెల్లూరు’ మన కంటికి మూడక్షరాలు. యూనికోడు లెక్కలో గుణింతపు గుర్తులు, పొల్లు కలిపి ఎనిమిది సంకేతాలు. యు.టి.ఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క దానికి మూడు బైట్లు. ఆ పద్ధతిలో నిలువచేసిన మామూలు స్ట్రింగు పొడవెంతని ఫ్రీ పాస్కల్‌ను అడిగితే 24 అంటుంది. రెండవ అక్షరం కావాలని రెండవ సూచిక వ్రాస్తే చేతికి వచ్చేది ‘న’కారపు ముక్క. అదృష్టవశాత్తు కామాకు ఒకే బైటు, అది మరే అక్షరపు బైట్ల నడుమ రాదు. కనుక పై ఉదాహరణలోని మూడు ఊళ్ళ పేర్లను కామాల దగ్గర నిర్భయంగా విడదీయవచ్చు.